పాత కలర్ టీవీల రంగుల గురించి మా కస్టమర్లకు ఉన్నది ఉన్నట్టుగా

మా దగ్గర పాత కలర్ టీవీలు బాగు చేయించుకున్నవారి నుంచి ఈమధ్య ఒకే రకం ఫోన్లు వస్తున్నాయి. బొమ్మ నిలకడగా ఉంది, శబ్దం బాగుంది, రంగులే తేడాగా ఉన్నాయంటున్నారు. ఒకరికి తెలుపు నీలంగా కనిపిస్తోంది. ఒకరికి ఎరుపు గీత దాటి పక్కకు పాకుతోంది. ఇంకొకరికి మొత్తం వెలిసిపోయినట్టుంది. ఇందులో ఏది లోపమో, ఏది ఆ సెట్టు స్వభావమో, మా చేతిలో ఉన్నది ఎంతో చెప్పాల్సిన బాధ్యత డబ్బు తీసుకున్న మాదే.

మాకు వచ్చే సెట్లలో ఎక్కువ భాగం 1980లలో కొన్నవి. 1982 ఆగస్టు 15 వేడుకలను, ఆ నవంబరులో ఢిల్లీ ఆసియా క్రీడలను దూరదర్శన్ రంగుల్లో చూపించాక కలర్ టీవీ మన ఇళ్లలోకి రావడం మొదలైంది. బంధువులు విదేశాల నుంచి తెచ్చినవి, మన హైదరాబాద్ ఈసీఐఎల్ వారి ఈసీ టీవీలు, ఇంకా ఎన్నో కంపెనీలవి మా బల్ల మీదికి వస్తుంటాయి.

మన దేశం ఎంచుకున్నది పాల్ (PAL) అనే కలర్ ప్రసార పద్ధతి. అమెరికాలో 1954 నుంచి అమ్మిన తొలి కలర్ సెట్లలో, ప్రసారం దారిలో కొద్దిగా ఫేజ్ తేడా (రంగు సంకేతపు అలల వేళలో తేడా) వచ్చినా మనుషుల ముఖాలు ఆకుపచ్చకో ఊదాకో తిరిగేవి. దాన్ని సరిచేసుకోవడానికి వాటికి టింట్ నాబ్ ఉండేది. జర్మనీలో టెలిఫుంకెన్ ఇంజనీరు వాల్టర్ బ్రూక్ 1960ల తొలినాళ్లలో రూపొందించిన పాల్‌లో, తెర మీద బొమ్మను గీసే అడ్డగీతల్లో గీత విడిచి గీతకు రంగు సంకేతంలో ఒక భాగం తిరగబడి వస్తుంది. సెట్టులోని గాజు డిలే లైన్ ఒక గీత రంగును 64 మైక్రోసెకన్లు ఆపి, తర్వాతి గీతతో కలుపుతుంది. తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రంగు మారదు, కాస్త పలచబడుతుందంతే. అందుకే మీ సెట్టులో ముఖాలు ఆకుపచ్చగా కనబడితే పాతది కదా అని సరిపెట్టుకోకండి. ఆ తిరగబడిన భాగాన్ని సరిచేసే పాల్ స్విచ్ గీతల వరుస తప్పి ఉండవచ్చు, పిక్చర్ ట్యూబులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు ఎలక్ట్రాన్లను చిమ్మే మూడు గన్‌ల పాళ్లు చెడి ఉండవచ్చు. అది కచ్చితంగా లోపమే, బాగు చేసి ఇస్తాం.

నీలపు తెలుపు సంగతి వేరు. తెలుపు ఛాయను కెల్విన్‌లలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ నీలం వైపు జరుగుతుంది. ప్రమాణం ప్రకారం తెలుపు 6500 కెల్విన్ దగ్గర ఉండాలి. చాలా కంపెనీలు మాత్రం 9300 కెల్విన్ దాకా, అంటే బాగా చల్లని తెలుపుకు సెట్ చేసేవి. తెర మరింత వెలుగుగా అనిపించేది, ఎరుపు గన్ మీద భారమూ తగ్గేది. ఇప్పటివరకు మేము కంపెనీ పెట్టిన తెలుపునే తిరిగి తెస్తున్నాం. ఇకపై డెలివరీకి ముందు రెండు రకాల తెలుపూ మీకే చూపిస్తాం. ఆనాటి తెలుపు కావాలంటే అదే ఉంచుతాం. సినిమా షూటింగులకు సెట్లు అద్దెకు తీసుకునేవారు ఈ మాట మరీ ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. పసుపు వెలుగున్న బల్బుల గదిలో చల్లని తెలుపు తెర కెమెరాకు నీలి పలకలా కనబడుతుంది. ఏ లైట్లు వాడుతున్నారో ముందే చెబితే దానికి తగ్గట్టు సెట్ చేసి పంపుతాం.

ఎరుపు పాకడం పద్ధతిలోనే ఉంది. పాల్ సంకేతంలో వెలుగునీడలకు 5 మెగాహెర్ట్జ్ చోటుంటే రంగుకు దక్కేది ఒక మెగాహెర్ట్జ్‌కు కాస్త పైన. చీర అంచు గీత తీరుగా కనబడినా అందులోని ఎరుపు పక్కకు కారినట్టే ఉంటుంది. సన్నని చారల చొక్కా, పోచంపల్లి నేతలోని చిన్న డిజైను తెర మీద ఇంద్రధనుస్సు రంగుల్లో మెరమెరలాడడం కూడా అంతే. ఆ సన్నని గీతలను రంగు సంకేతంగా సెట్టు పొరబడుతుంది. దీన్ని ఎవరూ బాగు చేయలేరు, చేస్తామన్నవారిని నమ్మకండి. నన్నడిగితే ఆ సెట్టును ఆ సెట్టుగా చూపించేది అదే.

వెలిసిపోయిన రంగుల గురించి చెప్పడమే కష్టం. మా పరీక్ష ఇలా ఉంటుంది. కలర్ నాబ్ పూర్తిగా తగ్గించి, నలుపు నుంచి తెలుపు దాకా మెట్లు మెట్లుగా ఉన్న బొమ్మ పెడతాం. ఏ మెట్టులోనూ రంగు ఛాయ కనబడకూడదు. ఎరుపు గన్ అలిసిపోయిన ట్యూబులో చీకటి మెట్లు బాగానే ఉంటాయి, తెల్లటి మెట్లు మాత్రం నీలి ఆకుపచ్చకు తిరుగుతాయి. స్విచ్ వేసిన కొన్ని నిమిషాల వరకు ముఖాల్లో రక్తం ఉండదు, ఆ తర్వాతే మెల్లగా ఎరుపు వస్తుంది. అది కనబడిందంటే ట్యూబు ఆయుష్షు చివరికొచ్చినట్టే. గన్‌ను వేడి చేసే హీటరుకు ఎక్కువ వోల్టేజీ ఇచ్చి గన్‌ను లేపే పద్ధతి ఉంది. కొన్నిసార్లు కొన్ని నెలలు నడుస్తుంది, కొన్నిసార్లు ఉన్న బొమ్మ కూడా పోతుంది. ఇకపై మీరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఆ పని చేయం. ఈ సెట్లకు కొత్త పిక్చర్ ట్యూబులు తయారవడం లేదు. వేరే సెట్టు నుంచి తీసిన మంచి ట్యూబు దొరకాలి, పనులు ఆలస్యం కావడానికి అసలు కారణం ఇదే.

తెర మూలల్లో ఊదా, ఆకుపచ్చ మచ్చలుంటే షాపుకు ఫోన్ చేసే ముందు ఒకసారి స్టెబిలైజర్ ఎక్కడుందో చూడండి. టీవీ పక్కనో కిందో పెట్టడం మనకు అలవాటు. దాని లోపలి ట్రాన్స్‌ఫార్మర్, అలాగే పెద్ద స్పీకర్ల అయస్కాంతాలు ఎలక్ట్రాన్ల దారిని వంచేస్తాయి. వాటిని దూరం జరిపి, సెట్టు బాగా చల్లారాక మళ్లీ ఆన్ చేయండి. ఆన్ చేయగానే తెరకు పట్టిన అయస్కాంతత్వాన్ని తీసేసే డీగాసింగ్ కాయిల్ పని చేస్తుంటే మచ్చలు చాలావరకు పోతాయి. వెనక మూత మాత్రం దయచేసి తీయకండి. ట్యూబు దగ్గర 20 వేల వోల్టులకు పైనే ఉంటాయి, ప్లగ్ తీసేసినా కొంత నిలిచి ఉంటుంది.

నలుపు బూడిదగా ఉందన్నవారికి ఒక్క మాట. ఆపేసిన టీవీ తెర ఎంత బూడిదగా కనబడుతుందో, ఆ గదిలో మీకు దొరికే నలుపు అంతే. సాయంత్రం గది లైటు తగ్గించి చూడండి. డెలివరీ ట్రయల్స్ కూడా అందుకే సాయంత్రాలకు మార్చాం.

ట్యూబు బలహీనంగా ఉన్న సెట్ల యజమానులకు ఈ వారంలో మేమే ఫోన్ చేస్తాం. ట్యూబు కోసం ఆగుతారా, ఉన్న రంగులతోనే తీసుకెళ్తారా అన్నది మీ ఇష్టం. వద్దనుకుంటే అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తాం. సెట్టును తీసిన భాగాలన్నీ మళ్లీ బిగించే అప్పగిస్తాం.