మన పండగ పైసలు: ఎంత వచ్చింది, ఎక్కడ పోయింది

అన్నలకు, అక్కలకు, పైసలిచ్చిన అందరికీ నమస్కారం.

హైదరాబాద్ బాగ్‌లింగంపల్లి హాల్లో రెండు రోజులు జరిగిన మన బొగ్గుబాయి ఊర్ల కళల పండగ లెక్క ఇది. ముందే చెప్పేస్తున్నాం, 14,500 రూపాయలు లోటు పడింది.

జమ మొత్తం 2,18,500. ఇందులో 214 మంది పంపిన విరాళాలు 1,86,500, హాలు గుమ్మం దగ్గర పెట్టిన హుండీలో 23,740, అక్కలు నడిపిన సకినాలు, సర్వపిండి స్టాల్లో సరుకు ఖర్చు పోను మిగిలింది 8,260. ఉప్పల్, బోడుప్పల్ వైపు ఉన్న మనవాళ్లు చాలామంది తమ విరాళాన్ని వాళ్ల బాపు (నాన్న) పేరు మీద రాయించారు. ఒక కాంట్రాక్టరు 50,000 ఇస్తానన్నారు, కానీ స్టేజి వెనక ఫ్లెక్సీ మీద తన ఫోటో ఉండాలన్నారు. అక్కడ ఉండాల్సింది బాయి దిగినవాళ్ల ఫోటోలు. వద్దన్నాం.

ఖర్చు 2,33,000. అన్నిటికన్నా ఎక్కువ కళాకారులకే, 62,000. ఎనిమిది మంది డప్పు బృందానికి మనిషికి 3,000 చొప్పున 24,000, ఒగ్గు కథ బృందానికి 20,000, పాటలు పాడిన పన్నెండు మంది ఆడవాళ్లకు 1,500 చొప్పున 18,000. మన ఊరోళ్లే కదా, శాలువా కప్పితే చాలు అని మీటింగులో ఒక మాట వచ్చింది. రెండు రోజుల కూలి వదులుకుని వచ్చేవాళ్లను శాలువాతో పంపడం మాకు ఒప్పలేదు. గోండుల గుస్సాడి ఆట కూడా పెడదామన్నారు గానీ, అది దీపావళికి దండారి రోజుల్లో నిష్ఠతో ఆడేది, మన తారీఖుల కోసం పిలవడం బాగుండదని ఆగాం.

ఇక బండ్లు, 41,000. బెల్లంపల్లి, మందమర్రి నుంచి యాభై మంది వస్తారని 27,000కు బస్సు మాట్లాడాం. తీరా బయల్దేరే రోజు తెల్లవారుజామున రిటైరైన కార్మికులు, వాళ్ల ఇంటివాళ్లు ఇంకో పద్దెనిమిది మంది సంచులతో వచ్చి నిలబడ్డారు, వాళ్లను వెనక్కి పంపలేక అప్పటికప్పుడు 14,000 పెట్టి వ్యాన్ మాట్లాడాం. లోటుకు అసలు కారణం ఇదే, దీనికి మేం బాధపడటం లేదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేసేవారు, ఇప్పుడు 40 వేల దగ్గర ఉన్నారు. రామగుండంలో 1971 నుంచి నడిచిన 62.5 మెగావాట్ల థర్మల్ యూనిట్ 2024లో ఆగిపోయింది, అదే రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయరు నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి. బాయిలు మూతపడి, వీఆర్ఎస్‌లు (ముందే పదవీ విరమణ తీసుకునే పథకాలు) వచ్చి, పిల్లలం మనం హైదరాబాద్ చేరాం. పెద్దలు అక్కడే ఉండిపోయారు. ఈ మార్పు గురించి పాడాల్సింది, మాట్లాడాల్సింది వాళ్లు. వాళ్లు రాకుండా మనం మనమే కూర్చుంటే అది పండగెట్లా అవుతుంది?

భోజనాలు 320, ఒక్కోటి 120 చొప్పున 38,400. హాలు అద్దె 36,000. మైకు, లైట్లు 24,000కు ఒప్పుకున్నాం, రెండో రోజు ఒగ్గు కథ రాత్రి దాకా సాగడంతో 4,500 అదనం, మొత్తం 28,500. ఫ్లెక్సీలు, కరపత్రాలు 6,300. ఆటోలు, నీళ్ల క్యాన్లు, చిల్లర 2,950.

ఫోటోలకు 17,850, అంటే ఫ్రేముతో కలిపి 350 చొప్పున 51. మీ ఇళ్ల బీరువాల్లోంచి వచ్చినవే అన్నీ. తట్టా చెమ్మస్‌తో, అంటే గంప, పారతో, బొగ్గు నింపే రోజులవి, క్యాప్ ల్యాంపులు పెట్టుకుని బొగ్గు టబ్బుల పక్కన నిలబడ్డవి. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు కనుక్కున్న సంగతి, ఆ ఊరిని ఇప్పటికీ బొగ్గుట్ట అని ఎందుకంటారో పిల్లల కోసం అదే గోడ మీద రాశాం. రెండో రోజు ఒక అమ్మ గ్రూపు ఫోటోలో వాళ్లాయనను గుర్తుపట్టింది. ఓటరు కార్డు మీది తప్ప ఆయన ఫోటో ఇంట్లో లేదట. ఆ ఫ్రేము ఆమెకే ఇచ్చేశాం. లెక్కలో 51 ఉన్నా మన దగ్గర ఉన్నవి 50 అందుకే.

లోటు 14,500 కమిటీలో ముగ్గురు సర్దారు. విరాళంగా రాసుకోమన్నారు, మేం అప్పుగానే రాశాం. ఇవ్వగలిగినవాళ్లు ఇస్తే ముందు అది తీరుస్తాం. రసీదుల ఫైలు వచ్చే ఆదివారం మీటింగులో టేబుల్ మీద ఉంటుంది, ఎవరైనా తిరగేయొచ్చు. ఆ 50 ఫ్రేములు బెల్లంపల్లిలో పెడతామని అక్కడివాళ్లు అడిగారు, అటు కారులో వెళ్లేవాళ్లుంటే చెప్పండి, బండి ఖర్చు మిగులుతుంది.