చెన్నై ఎండ చూసినోడివే, కానీ అది వేరు ఇది వేరు

ఒరే మామా,

ఉద్యోగానికి అమెరికాలో ఫీనిక్స్ పోతున్నావ్ కదా, నిన్న ఫోన్లో "పన్నెండేళ్ళుగా చెన్నైలో కత్తెర ఎండలు చూస్తున్నోణ్ణి, నన్ను ఫీనిక్స్ ఏం చేస్తుందిరా" అన్నావ్ చూడు, అప్పుడే నాలుగు తిడదాం అనుకున్నా, ఈలోపు నీకు ఆఫీస్ కాల్ వచ్చేసింది. అందుకే రాత్రి అన్నం తినేసి కూర్చుని ఇదంతా టైప్ చేస్తున్నా. ఇక్కడ బెంగళూర్లో సాయంత్రం నుంచి వాన, కరెంట్ రెండుసార్లు పోయింది, ఉత్తరం కాస్త అటూ ఇటూ పోతే ఏమనుకోకు. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు, నువ్వెలాగూ సగం మర్చిపోతావ్.

ముందు అసలు విషయం. చెన్నైలో 38 డిగ్రీలకే చొక్కా తడిసి వీపుకి అంటుకుపోద్ది కదా, ఆ చిరాకే మనల్ని కాపాడేది, నీడలోకి పో, నీళ్ళు తాగు అని ఒళ్ళే చెప్పేస్తది. ఫీనిక్స్‌లో 44 ఉన్నా చెమట కనపడదు. పట్టదని కాదు, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతది, గాలి అంత పొడి. నేనక్కడ ఉన్న ఆరేళ్ళలో మొదటి జులైకి కారు ఇంకా కొనలేదు, ఇండియన్ స్టోర్ ఇరవై నిమిషాల నడకే కదా అని మధ్యాహ్నం బయల్దేరా. దారిలో ఎంత హాయిగా ఉందో, చెమటే లేదు, ఇదేం ఎండ మనూళ్ళో ఇంతకన్నా ఎక్కువ ఉంటది అనుకుంటూ పోయా. వెనక్కి వచ్చేసరికి తల పగిలిపోతోంది, సోఫాలో పడి ఒకటే వాంతులు, మా ఆవిడ భయపడి పక్కింటి పెద్దాయన్ని పిలిచింది. ఆయన నన్ను చూసి అడిగిన మొదటి ప్రశ్న, పొద్దుట్నుంచి ఎన్నిసార్లు బాత్రూంకి వెళ్ళావ్ అని. ఒక్కసారి కూడా వెళ్ళలేదురా! అప్పట్నుంచి నాకు అదే లెక్క, దాహాన్ని నమ్మొద్దు, అది ఎప్పుడూ లేటుగానే వస్తది. ఇంట్లోంచి కాలు బయటపెడితే చేతిలో బాటిల్ ఉండాల్సిందే, అందులో చిటికెడు ఉప్పూ నిమ్మకాయా ఉంటే ఇంకా మంచిది, మజ్జిగైతే మరీ మంచిది.

2023లో అక్కడ వరసగా 31 రోజులు 110 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 43 పైన కొట్టింది. ఆ ఏడాది ఫీనిక్స్ ఉండే మారికోపా కౌంటీలో, అంటే మన జిల్లా లాంటిదిలే, ఎండదెబ్బకి 645 మంది పోయారు. ఇళ్ళల్లో పోయినవాళ్ళలో చాలామందికి ఏసీ ఉంది, కాకపోతే పనిచెయ్యట్లేదు. అందుకే ఏసీ ఆగితే రేపు చూసుకుందాంలే అనుకోకు, వెంటనే ఓనర్‌కి మెసేజ్ పెట్టి, ఫోన్ చేసి, ఫొటో తీసి పెట్టుకో. ఫీనిక్స్ సిటీలో అద్దె ఇంట్లో ఏసీ ఉంటే అది ఇంటిని 28 డిగ్రీల లోపు ఉంచగలగాలని రూలే ఉంది. ఫిల్టర్ మాత్రం నెలనెలా నువ్వే మార్చుకో, ఆ దుమ్ముకి మూడు వారాలకే బూడిదరంగు తిరిగిపోతది.

ఇల్లు వెతికేటప్పుడు నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. మనాళ్ళంతా ఎగబడినట్టే నేనూ తూర్పు ముఖం ఇల్లే కావాలని పట్టుబట్టా, వాస్తు ప్రకారం బాగుందని నాన్న కూడా మెచ్చుకున్నాడు. తూర్పు ముఖం అంటే వెనకవైపు పడమర కదా, అక్కడ ఇళ్ళకి పెద్ద పెద్ద అద్దాల తలుపులన్నీ వెనకే ఉంటాయ్, మధ్యాహ్నం రెండు నుంచి ఏడున్నర దాకా ఎండంతా తిన్నగా హాల్లోకే. కర్టెన్ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. కరెంట్ బిల్లు చూశాక వాస్తు మీద నాకున్న నమ్మకం కొంచెం సడలింది, నాన్నకి చెప్పలేదులే. ఉత్తరం గానీ దక్షిణం గానీ చూడు, పడమర కిటికీలు ఎంత తక్కువుంటే అంత సుఖం. అపార్ట్‌మెంట్ అయితే పై ఫ్లోర్ వద్దు, కప్పు కాలిపోద్ది. కారుకి నీడ ఉన్న పార్కింగ్ ఉందా లేదా అన్నది అద్దె కన్నా ముందు అడుగు.

కరెంట్ కంపెనీని మనం ఎంచుకునేది లేదు, అడ్రస్‌ని బట్టి ఎస్ఆర్‌పీ గానీ ఏపీఎస్ గానీ వస్తది. ప్లాన్ మాత్రం మన చేతిలో ఉంటది. ఏపీఎస్ టైం ప్లాన్‌లో అయితే సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం 4 నుంచి 7 దాకా రేటు వాచిపోద్ది, మిగతా టైంలో చవక. మేం మధ్యాహ్నం మూడింటికల్లా ఇల్లు ఫ్రిజ్‌లాగా చేసేసి, నాలుగు కొట్టగానే థర్మోస్టాట్ పైకి జరిపేసేవాళ్ళం, ఆ మూడు గంటలూ బట్టల మెషీన్ లేదు, ఒవెన్ లేదు, కుక్కర్ కూడా లేదు. పప్పూ కూరా అన్నీ పొద్దున్నే. మా అమ్మ వచ్చినప్పుడు "ఇదేం ఊరమ్మా, సాయంత్రం టీ పెట్టుకోడానికి కూడా గడియారం చూడాలా" అంది. (టీ పెట్టుకోనిచ్చాంలే.)

అమ్మకి ఆ ఎండ భలే నచ్చింది మాత్రం. మినప వడియాలు పొద్దున పెడితే సాయంత్రానికి గలగలా ఎండిపోయేవి, దోసెల పిండి నాలుగ్గంటలకే పొంగిపోయేది. ఒకరోజు ఆవిడ ఉత్సాహంగా ఇంటి ముందు పాత చీర పరిచి వడియాలు పెట్టేసింది, మర్నాడే కాలనీ అసోసియేషన్ నుంచి కాగితం, ఇంటి ముందు బట్టలు ఆరేయకూడదని. వాళ్ళకి వడియాలంటే ఏంటో ఎలా చెప్పాలిరా? అప్పట్నుంచి పెరట్లోనే. నువ్వు కూడా ఇల్లు తీసుకునేముందు ఆ అసోసియేషన్ రూల్స్ చదువు, చెత్తడబ్బా ఏ టైంకి బయటపెట్టాలో కూడా రాసుంటది.

నీళ్ళ సంగతి అడిగావ్. ఎడారి కదా పంపుల్లో వస్తాయా అని. వస్తాయిరా, ఇరవై నాలుగ్గంటలూ వస్తాయ్, నేనున్న ఆరేళ్ళలో ట్యాంకర్ అన్న మాటే వినలేదు. ఏడాది మొత్తానికి అక్కడ పడే వాన 200 మిల్లీమీటర్లు కూడా ఉండదు, మీ చెన్నైలో 1400 దాకా పడతది. అయినా 2019లో మీకు జోలార్‌పేట నుంచి రైలుబండిలో నీళ్ళు తేవాల్సొచ్చింది. 2024 మార్చిలో మా బెంగళూర్లో తాగే నీళ్ళతో కార్లు కడిగితే 5000 జరిమానా పెట్టారు, మా అపార్ట్‌మెంట్‌లో ట్యాంకర్ కోసం వాచ్‌మన్‌తో గొడవలు పడ్డాం. మరి అక్కడ ఎలా అంటే, సాల్ట్ నది మీద 1911లోనే రూజ్‌వెల్ట్ డ్యాం కట్టుకున్నారు, ఇంకోపక్క కొలరాడో నది నుంచి కాలువ. మన కండలేరు నుంచి పూండికి పోయే తెలుగుగంగ కాలువ ఉంది కదా, చిన్నప్పుడు నువ్వు చెప్పులు పారేసుకున్నది, అలాంటిదే, కాకపోతే ఇది 540 కిలోమీటర్లు, దారిపొడుగునా పంపులు పెట్టి ఎత్తు మీదకి తోడుకుంటూ పోవాలి. వెయ్యేళ్ళ క్రితం హోహోకం అనే వాళ్ళు ఆ లోయంతా కాలువలు తవ్వి పంటలు పండించారంట, ఆ శిథిలాల మీద మళ్ళీ లేచిన ఊరు కాబట్టి, కథల్లో బూడిదలోంచి లేచే పక్షి పేరు ఫీనిక్స్ అని పెట్టారు. ఇప్పుడు కొలరాడో నదిలో కూడా నీళ్ళు తగ్గుతున్నాయ్, కోతలు మొదలయ్యాయ్, అందుకే ఇళ్ళ ముందు గడ్డి తీసేసి గులకరాళ్ళు పోసుకుంటున్నారు. నీళ్ళు మాత్రం బాగా గడుసు, పంపుల మీద, గిన్నెల మీద తెల్లగా సున్నం పేరుకుంటది, తాగడానికి ఫిల్టర్ పెట్టించు. ఇంకో విచిత్రం, ఎండాకాలంలో చల్లనీళ్ళ వైపు తిప్పినా వేడినీళ్ళే వస్తాయ్. పాపకి స్నానం చేయించేముందు చెయ్యి పెట్టి చూడమని చెల్లెమ్మకి చెప్పు.

కారు లేకపోతే కాళ్ళు లేనట్టే అక్కడ. బ్యాటరీ రెండు మూడేళ్ళకే చచ్చిపోద్ది, అదీ చెప్పాపెట్టకుండా, కాబట్టి రెండేళ్ళు దాటగానే టెస్ట్ చేయిస్తూ ఉండు. అద్దానికి అడ్డంపెట్టే వెండిరంగు షేడ్ కొనుక్కో, డాష్‌బోర్డ్ మీద ప్లాస్టిక్ వినాయకుణ్ణి పెట్టకు, మా వినాయకుడు తొండం వంగిపోయి పక్కకి ఒరిగిపోయాడు పాపం. సీట్‌బెల్ట్ కొక్కెం పాపకి తగిలితే చర్మం కాలుద్ది, ముందు నువ్వు పట్టుకుని చూడు. పాపని ఒక్క నిమిషం కూడా కార్లో వదలొద్దు, ఇది మాత్రం సీరియస్‌గా చెప్తున్నా. చెప్పుల్లేకుండా రోడ్డు మీద అడుగుపెట్టొద్దు, ఆ తార్రోడ్డు మీద పడి చర్మం కాలి హాస్పిటల్లో చేరేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. మారికోపా టౌన్‌లో మహాగణపతి గుడి ఉంది, అక్కడికి వెళ్ళేటప్పుడు నేనైతే కార్లో సాక్సులు పెట్టుకునేవాణ్ణి. లైసెన్స్ వాళ్ళ జనాలకి చాలా ఏళ్ళకి ఇస్తారు, మనకి వీసా డేట్ దాకానే, మురిసిపోకు.

జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ చివరి దాకా అక్కడ కూడా మాన్సూన్ అంటారు, మనకి నవ్వొస్తది గానీ అది వచ్చే పద్ధతి వేరు. ముందు దుమ్ము వస్తది. హబూబ్ అంటారు, ఊరికి అడ్డంగా గోడ లేచినట్టు వస్తది, 2011 జులై 5న వచ్చింది మైలు ఎత్తు ఉందట. డ్రైవింగ్‌లో ఉండగా వస్తే రోడ్డు దిగి వీలైనంత దూరంగా ఆపు, లైట్లు ఆర్పేయ్, హ్యాండ్‌బ్రేక్ వేసి బ్రేక్ మీద నుంచి కాలు తీసేయ్. నాకూ మొదట అర్థం కాలేదు, దుమ్ములో లైట్లు వెయ్యాలి గానీ ఆర్పడమేంటని. వెనక వచ్చేవాడు నీ ఎర్రలైటు చూసి రోడ్డు అటే ఉందనుకుని నీ మీదకే వచ్చేస్తాడు, అదీ సంగతి. తర్వాత వాన, అరగంటే, కానీ ఎండిన వాగులన్నీ ఒక్కసారే పొంగుతాయ్. బారికేడ్ పెట్టిన చోట దాన్ని దాటుకుని కారు పోనిచ్చి ఇరుక్కుంటే, బయటికి లాగిన ఖర్చు మనదే, ఆ చట్టాన్ని అందరూ పిలిచే పేరే "మూర్ఖపు డ్రైవర్ల చట్టం". మీ చెన్నై వేళచేరిలో నువ్వు మోకాలిలోతు నీళ్ళలో బండి తోలిన వీరత్వం అక్కడ చూపించకు.

దుమ్ముతో ఇంకో చిక్కు, వ్యాలీ ఫీవర్. మట్టిలో ఉండే ఒక ఫంగస్, గాలితో పాటు ఊపిరితిత్తుల్లోకి పోద్ది. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు, చాలామందికి దానంతటదే తగ్గిపోద్ది. కానీ దగ్గూ జ్వరం నీరసం వారాల తరబడి వదలకపోతే వ్యాలీ ఫీవర్ టెస్ట్ చెయ్యమని నువ్వే అడుగు. మా ఆవిడకి ఒక క్లినిక్‌లో నెలన్నర పాటు మామూలు నిమోనియా అని యాంటీబయాటిక్స్ మింగించారు, అవి ఫంగస్‌ని ఏం చేస్తాయ్, ఏమీ చెయ్యవు.

తేళ్ళు ఉంటాయ్, బెదిరిపోకు. మనూరి నల్లతేళ్ళు కాదు, ఎండుగడ్డి రంగులో సన్నగా ఉంటాయ్, గోడలు కూడా ఎక్కుతాయ్. అల్ట్రావయొలెట్ టార్చ్ వేస్తే చీకట్లో ఆకుపచ్చగా మెరుస్తాయ్, శనివారం రాత్రుళ్ళు నేనూ మా వాడూ పెరట్లో తేళ్ళవేట చేసేవాళ్ళం. బూట్లు దులిపి వేసుకో, అంతే.

లగేజీలో పచ్చి కరివేపాకు పెట్టకు, కస్టమ్స్‌లో తీసేస్తారు, నిమ్మజాతి చెట్లకి దాంతో పురుగు వస్తదని వాళ్ళ భయం.

ఇంటికి ఫోన్ చేసే టైం మాత్రం భలే సుఖం. అమెరికాలో దాదాపు అంతా ఏడాదికి రెండుసార్లు గడియారం తిప్పుతుంటే ఫీనిక్స్ వాళ్ళు తిప్పరు, ఉన్న ఎండ చాలదా ఇంకో గంట ఎందుకని. అక్కడ పొద్దున 8 అయితే మనకి రాత్రి 8:30, ఏడాది పొడుగునా అదే లెక్క.

నీకు జాయినింగ్ డేట్ జరుపుకునే వీలుంటే అక్టోబర్ చివరికి జరుపుకో. నవంబర్ నుంచి మార్చి దాకా ఆ ఊరంత మంచి ఊరు నేను చూళ్ళేదు, పగలు 20-25 డిగ్రీలు, రాత్రి స్వెట్టర్, ఫిబ్రవరి మార్చిలో నారింజ పూల వాసనకి రోడ్డు మీదే నిలబడిపోతాం. ఎండాకాలం మరీ భరించలేకపోతే రెండున్నర గంటలు కారెక్కి ఫ్లాగ్‌స్టాఫ్ పో, 2100 మీటర్ల ఎత్తు, ఊటీలాగా. ఇంకోటి చెప్తే నమ్మవు, మనూళ్ళో పొలాల గట్లన్నీ తినేసిన సర్కారు తుమ్మ లేదూ, మీ వాళ్ళు సీమ కరువేలం అని కోర్టుకెక్కి మరీ పీకించిన చెట్టు, దాని అక్కచెల్లెళ్ళని అక్కడ మెస్కీట్ అని డబ్బులిచ్చి కొని నీడ కోసం పెంచుకుంటారు, కాయలు పిండి కొట్టి రొట్టెలు కూడా చేస్తారు. మా పెరట్లోనూ ఒకటుండేది, ఆరేళ్ళు దాని కిందే కాఫీ తాగా.

నా తేళ్ళ టార్చ్ ఇంకా ఇక్కడే అల్మరాలో ఉంది, బ్యాటరీలు తీసేసి రేపు కొరియర్ చేస్తా. అడ్రస్ ఇంకోసారి పంపు, పాత ఇంటికి పోద్ది లేకపోతే.

నీ
మామ