అది గర్భసంచి కాదు, అండాశయం

సంపాదకుల గారికి నమస్కారం.

నేను నరసరావుపేటలో ఒక స్కానింగ్ సెంటర్‌లో పదకొండేళ్లుగా రిపోర్టులు టైపు చేస్తున్నాను. డాక్టరు గారు లోపల మెషిన్ మీద చూస్తూ చెబుతుంటారు, నేను కర్టెన్ ఇవతల కూర్చుని కొడుతుంటాను. నేను డాక్టర్నీ కాదు, నర్సునీ కాదు, చదివింది బీకాం. కానీ కవరు చేతికిచ్చేది నేనే కాబట్టి, అది తెరిచి ఇంగ్లిష్ చూసి దిగులుపడేవాళ్లు ముందు అడిగేదీ నన్నే. "ఏం రాశారమ్మా, గర్భసంచిలో నీటి బుడగలున్నాయా?"

ఈ ఒక్క ప్రశ్న గురించే ఈ ఉత్తరం.

బుడగ ఉన్నది అండాశయంలో. గర్భసంచికి రెండు పక్కలా బాదంకాయంత ఉండేవి అండాశయాలు. అవి వేరు, గర్భసంచి వేరు. అయితే మన మాటల్లో అండాశయం అన్నది బడి పుస్తకం దాటి బయటికి రాలేదు. ఇంట్లో ఎవరూ ఆ మాట అనరు. పొత్తికడుపులో ఆడవాళ్లకి ఏమొచ్చినా గర్భసంచే. పేరు లేని దాని జబ్బంతా పేరున్న దాని మీద పడుతోంది, చివరికి కత్తి కూడా దాని మీదే పడుతోంది.

ప్రతి నెలా అండాశయంలో ఒక చిన్న నీటి తిత్తి రెండు సెంటీమీటర్ల దాకా పెరిగి, పగిలి, అండాన్ని వదులుతుంది. ఒక్కో నెల అది పగలదు. నీరు పట్టి ఇంకాస్త పెరుగుతుంది. దాన్నే నేను 'సింపుల్ సిస్ట్' అని టైపు చేస్తాను. నెలసరి వస్తున్న వయసులో, ఐదు సెంటీమీటర్ల లోపు ఉండి, లోపల పలచని నీరే కనిపిస్తే, చాలావరకు రెండు మూడు నెలసరుల్లో దానంతటదే పోతుంది. నాకే 2017లో ఎడమవైపు 42 మిల్లీమీటర్లది వచ్చింది. నా రిపోర్టు నేనే టైపు చేసుకుంటూ చేతులు వణికి 42కి బదులు 24 కొట్టాను. డాక్టరమ్మ మందు కూడా రాయలేదు. మూడు నెలలాగి, నెలసరి అయిపోయిన వారంలో మళ్లీ స్కాన్ చేయించుకోమన్నారు. చేయిస్తే లేదు. ఆ మూడు నెలలూ మా అత్తగారి వైపు వాళ్లు "పిల్లలు పుట్టేశారుగా, తీయించేసుకో, పీడా పోద్ది" అంటూనే ఉన్నారు. ఏం తీయించుకోవాలంట? గర్భసంచి!

మా అమ్మ తీయించుకుంది, 33 ఏళ్లకే, రెండు అండాశయాలతో సహా. ఎందుకని అడిగితే "పుండు పడిందన్నారు, క్యాన్సరొస్తదన్నారు" అంటుంది తప్ప అంతకు మించి తెలియదు. అండాశయాలు తీసేస్తే ఆ రోజుతోనే ముట్లుడిగినట్టు. ఎముకలు తొందరగా గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అమ్మ 55 ఏళ్లప్పుడు బాత్రూంలో జారితే మణికట్టు పుటుక్కున విరిగింది. ఇదేదో మా ఇంటి కథ అనుకోవద్దు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద మూడు శాతం పైచిలుకు ఉంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది శాతం. అనవసరపు ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలు రాష్ట్రాలన్నీ అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

భయపడక్కర్లేని చోట ఇంత భయపడే మనం, పరుగెత్తాల్సిన చోట సోడా తాగి పడుకుంటాం. మా అక్క కూతురు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా ఒక ఆదివారం పొద్దున కుడివైపు పొత్తికడుపులో ఉన్నట్టుండి పొడిచినట్టు నొప్పి, వెంట వాంతులు. గ్యాసన్నారు. ఊళ్లో ఇంజెక్షన్ చేయించారు. నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. మర్నాడు సాయంత్రానికి మా సెంటర్‌కి తెచ్చారు. ఏడు సెంటీమీటర్ల గడ్డ బరువుకి అండాశయం మెలి తిరిగిపోయి, రక్తం అందక నల్లబడింది. తీసేయక తప్పలేదు. కొద్ది గంటల్లో వచ్చి ఉంటే మెలి విప్పి నిలబెట్టే వీలుండేదన్నారు. తీసిన గడ్డలో వెంట్రుకలు, ఒక పన్ను ఉన్నాయి. మా బావ వాళ్ల నాయనమ్మ చేతబడి అని నిమ్మకాయలు దిష్టి తీసింది. అది డెర్మాయిడ్ అనే రకం. అండంగా మారాల్సిన కణాలకి చర్మం, జుట్టు, పన్ను, ఏదైనా తయారుచేయగల శక్తి ఉంటుంది, అవి దారి తప్పి పెరిగితే ఇలాంటి గడ్డ అవుతుంది. రెండో అండాశయం బాగానే ఉంది, నెలసరికీ పిల్లలకీ ఇబ్బంది లేదని డాక్టర్లు చెప్పారు. ఆ మాట పెళ్లివారికి ఎలా చెప్పాలా అన్నది ఇప్పుడు మా అక్క టెన్షన్.

పీసీఓడీ (పాలీసిస్టిక్ ఓవరీ డిసీజ్) అని రాసే జబ్బు సంగతి మళ్లీ వేరు. అందులో స్కాన్‌లో అండాశయాల్లో కనిపించే చిన్న చిన్న చుక్కలు ఎదగకుండా ఆగిపోయిన తిత్తులు, కోసి తీసే గడ్డలు కావు. అసలు సమస్య హార్మోన్లది. రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి స్కాన్ చూసి ఆ జబ్బని తేల్చవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. అయినా పద్నాలుగేళ్ల పిల్లల్ని మంచినీళ్లు తాగించి వరసలో కూర్చోబెడుతున్నారు.

నేను నిజంగా భయపడేది ముట్లుడిగిన పెద్దవాళ్ల గురించి. ఆ వయసులో సిస్ట్ కనిపిస్తే తేలిగ్గా తీసుకోకూడదు. వారాల తరబడి పొట్ట ఉబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం, మాటిమాటికీ మూత్రం రావడం అండాశయ క్యాన్సర్ లక్షణాలు కావచ్చు. "మిరప కోతలయ్యాక చూపించుకుందామనుకున్నా తల్లీ" అని ఒకామె నాతో అంది. ఆమె రిపోర్టు టైపు చేసిన రోజు నేను అన్నం తినలేదు.

మా సెంటర్ గోడ మీద 'ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు' అని తెలుగులో బోర్డు ఉంటుంది. స్థానిక భాషలో పెట్టాలని చట్టమే చెబుతుంది కాబట్టి పెట్టారు. ఆడమనిషి తన ఒంట్లో ఏముందో తెలుసుకునే కాగితం మాత్రం మొత్తం ఇంగ్లిషే. డాక్టరు గారు చెప్పింది దాటి ఒక్క ముక్క కలిపే అధికారం నాకు లేదు, ఉండకూడదు కూడా. అందుకే వైద్యశాఖ వారిని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. సంపాదకులుగా మీరు కూడా ఆరోగ్య పేజీలో 'గర్భసంచిలో నీటి బుడగలు' అని పడకుండా చూడండి. రిపోర్టు కింద డాక్టరు గారి మాటగానే రెండు తెలుగు వాక్యాలుంటే చాలు: "మీ కుడి అండాశయంలో 34 మి.మీ. నీటి తిత్తి ఉంది, గర్భసంచి బాగానే ఉంది. మూడు నెలల తర్వాత మళ్లీ స్కాన్ చేయించుకోండి, ఈలోపు హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి."

టైపు చేయడానికి నాకు నిమిషం కూడా పట్టదు.

– ఒక టైపిస్టు, నరసరావుపేట