చోటు చెబితే ఉరి తప్పించవచ్చు

సంపాదకులకు,

శవాలు దాచిన చోటు చెబితే ఉరి తప్పిస్తామని వరుస హత్యలు చేసినవాడితో బేరమేమిటి, ఉరి తీయాల్సిందేనని ఒక పాఠకుడు మీ పత్రికకు రాసిన లేఖ చదివాను. నేను విశాఖపట్నంలో కోర్టు టైపిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. ఒక ఉరిశిక్ష తీర్పు నా చేతులతోనే టైపు చేశాను. బేరానికి చోటుండాలని అప్పటి నుంచీ నా అభిప్రాయం.

ఆ ముద్దాయిపై రుజువైనవి రెండు హత్యలు. మూడో అమ్మాయి సంగతీ వాడికే తెలుసని అందరి అనుమానం. శవం దొరకలేదు కనుక ఆమె ‘తప్పిపోయిన మనిషి’గానే మిగిలిపోయింది. ఆమె తల్లి భీమిలి వైపు నుంచి ప్రతి వాయిదాకూ బస్సులో వచ్చేది. ఆమెకు సమన్లు లేవు, బత్తా లేదు, ఆ కేసులో ఆమె ఎవరూ కాదు. వరండాలో నన్ను ఆపి, ‘‘వాణ్ణి ఏం చేస్తారో మీ ఇష్టమమ్మా, నా పిల్లను ఎక్కడ పెట్టాడో మాత్రం చెప్పించండి’’ అనేది. వాడెందుకు చెబుతాడు? నోరు విప్పితే మూడో కేసు, విప్పకపోతే పోయేదేమీ లేదు.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో గ్యారీ రిడ్జ్‌వే అనే ట్రక్కుల పెయింటరును 2001లో పట్టుకున్నారు. అతనిపై మోపగలిగినవి ఏడు హత్యలే. ఉరిశిక్షతో బేరమాడనని మొదట ప్రకటించిన ప్రాసిక్యూటర్ నార్మ్ మాలెంగే తర్వాత మనసు మార్చుకున్నారు. ఉరి తప్పిస్తామన్నాక రిడ్జ్‌వే పోలీసులను వెంటబెట్టుకుని శవాలు పడేసిన చోట్లు చూపించాడు. 2003లో 48 హత్యలు ఒప్పుకున్నాడు. మాట మార్చినందుకు మాలెంగ్‌ను తిట్టినవాళ్లున్నారు. నేనైతే దండం పెడతాను.

మన చట్టంలో ఆ దారి లేదు. నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గించే ‘నేరాంగీకార బేరం’ 2006లో వచ్చింది కానీ, అది ఏడేళ్లకు మించని శిక్షలున్న నేరాలకే. పైగా ఆశ చూపి రాబట్టిన ఒప్పుకోలు చెల్లదు. ఆ జాగ్రత్త ఊరికే పెట్టలేదు. ఢిల్లీ పక్కన నోయిడాలోని నిఠారీలో జరిగిన పిల్లల వరుస హత్యల కేసుల్లో ఒప్పుకోలు ఆధారంగా ఉరిశిక్షలు పడిన సురీందర్ కోలీని, ఆ ఒప్పుకోలు నమ్మదగినది కాదంటూ అలహాబాద్ హైకోర్టు 2023లో 12 కేసుల్లో విడిచిపెట్టింది. ఉరితాడు చూపించి అడిగితే పేదవాడు చేయనివీ ఒప్పుకుంటాడు. లాఠీ సంగతి సరే సరి.

అందుకే వట్టి మాటకు బేరం వద్దంటాను. స్టేషన్‌లో అసలే వద్దు. లాయరును పక్కన ఉంచి మేజిస్ట్రేటు ముందు చెప్పాలి, చెప్పిన చోట తవ్వితే ఎముకలు దొరకాలి, అవి ఎవరివో డీఎన్‌ఏ తేల్చాలి. అప్పుడే ఉరి బదులు చచ్చేదాకా జైలు. అంతమందిని చంపినవాడే బతికిపోతే ఒకరిని చంపినవాడికి ఉరి ఏమిటని రేపు ఎవరైనా అడగవచ్చు. వాషింగ్టన్‌లోనూ అడిగారు. 2006లో అక్కడి సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో ఆ వాదనను తోసిపుచ్చింది. 2018లో వేరే కేసులో ఉరిశిక్షనే కొట్టేసింది. ఇక్కడా అలాగే జరిగితే నాకేమీ బాధ లేదు.

తీర్పు వచ్చాక ఆ తల్లి డబ్బు కట్టి నకలు తీసుకుంది. చదువు రాదు. నా దగ్గర కూర్చుని, చోటు పేరు ఏ పేజీలో ఉందో చూడమంది. టైపు చేసింది నేనే కాబట్టి అందులో లేదని నాకు తెలుసు. అయినా ఆమె చూస్తుండగా చివరి పేజీ దాకా తిప్పాను.

– ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగిని,
పెద వాల్తేరు, విశాఖపట్నం