పొయ్యిలోకి ఏం పెట్టమంటారు?

సంపాదకులకు,

అయ్యా,

గోదారి వరదలు రాకముందే ఏటి మధ్య ఉండే లంక గ్రామాలవాళ్ళు వంటచెరకు, గ్యాస్, నిత్యావసర సరుకులు నిల్వ చేసుకోవాలని అధికారులు సమీక్షా సమావేశంలో సూచించినట్టు పోయిన వారం మీ జిల్లా పేజీలో చదివాను. ఆ రోజే రాద్దామనుకున్నాను గానీ అరటి గెలల పని తెమలక ఇవాళ్టికి కుదిరింది. ఆ వార్త వచ్చిన దగ్గర్నుంచి మా లంకలో నలుగురు కూర్చున్న చోటల్లా అదే మాట. నిల్వ చేసుకోవాలని మాకు తెలియదా? మా తాతల నాటి నుంచి ఎండాకాలంలో మేం చేస్తున్న పనే అది. ఇప్పుడు ఎందుకు చేసుకోలేకపోతున్నామో ఆ సమావేశంలో ఒక్కరైనా అడిగారా?

మా చిన్నప్పుడు వైశాఖం వచ్చేసరికి ప్రతి ఇంటి వెనకా కొబ్బరి మట్టలు, కాయ వలిచిన డొక్కలు, పిడకలు గుట్టలుగా ఉండేవి. రోహిణి ఎండకి ఫెళఫెళలాడేలా ఎండబెట్టి, సగం అటక మీదకి ఎక్కించి, మిగతాది చూరు కింద పేర్చేవారు. శ్రావణ భాద్రపదాల్లో ఏరు చుట్టుముట్టినా పొయ్యి ఆరేది కాదు. ఇప్పుడు డొక్కలు పీచు మిల్లులకి పోతున్నాయి. దింపు తీసిన రోజే వ్యాపారి బండి వచ్చి ఎత్తుకుపోతుంది. కొబ్బరి ధర పడిపోయిన ఏడు ఆ నాలుగు డబ్బులే రైతుకి ఆధారం, అమ్ముకోవద్దని ఎవరు చెప్పగలరు? సరుగుడు కర్ర కాగితం మిల్లు కొంటుంది. పాడి తగ్గింది, పిడకలు కొట్టే ఓపిక ఉన్న ముసలమ్మలూ తగ్గారు. పాత పెంకుటిళ్ళు పోయి డాబాలు వచ్చాయి, అటకలు పోయాయి. డాబా మీద బరకం కప్పి పెట్టిన కట్టెలు రెండు జల్లులు పడేసరికి నాని బూజు పడతాయి. తడికట్టెతో వంట చేసే ఆడవాళ్ళ కళ్ళు, ఊపిరితిత్తులు ఏమవుతాయో ఆస్పత్రిలో అడిగితే చెబుతారు.

పైగా ఎండాకాలం మాకు ఖాళీ కాలం అనుకుంటున్నారేమో. ఏప్రిల్‌లో దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు. లంకలో వరి లేని కూలీలు కూడా అవతలి గట్టుకి పోయి కోతల్లో ఉంటారు. ధాన్యం తేమ 17 శాతం దాటిందంటే కొనరు కాబట్టి రోడ్ల మీద ఆరబోసుకుని రాత్రిళ్ళు కాపలా కాయాలి. కాలవలు కట్టేస్తారు, తోటలకి బోరునీళ్ళు తోడుకోవాలి. వరద తగిలితే అరటి తోట నిలవదు గనక జూన్ లోపు చేతికొచ్చిన గెలలన్నీ నరికి రావులపాలెం మార్కెట్‌కి చేర్చాలి. ఆవకాయలు, పెళ్ళిళ్ళు సరేసరి. ఇంత పనిలోనూ ఇల్లాళ్ళు తీరిక చేసుకుని నాలుగు మట్టలు ఎండబెట్టుకుంటూనే ఉన్నారు. మేం సోమరిపోతులం కాబట్టి వరదలో పస్తులుంటున్నామన్నట్టు ఆ సూచన ధ్వనించింది. అదే నాకు కష్టంగా ఉంది.

ఇక గ్యాస్ సంగతి. మా లంకలో చాలా ఇళ్ళకి ఉన్నది ఒకే ఒక సిలిండర్. పేదిళ్ళకి గ్యాస్ ఇచ్చే కేంద్రం ఉజ్వల పథకం కింద వచ్చినవాళ్ళకైతే మొదటి నుంచీ ఒక్కటే. ఖాళీ సిలిండర్ ఇస్తేనే నిండుది ఇస్తారు. ఉన్న ఒక్కటీ పొయ్యికి తగిలించి ఉంటే ఇంక నిల్వ చేసేది దేన్ని? రెండోది కావాలంటే డిపాజిట్ 2022 జూన్‌లో 1,450 రూపాయల నుంచి 2,200కి పెరిగింది, గ్యాస్ ధర దానికి అదనం. రోజుకూలీ మీద బతికే కుటుంబం అంత సొమ్ము ఒక్కసారి ఎక్కడ తెస్తుంది? గ్యాస్ లేనివాళ్ళకి ఒకప్పుడు రేషన్ డిపోలో నీలి కిరోసిన్ దొరికేది. కొన్నేళ్ళ క్రితం అదీ ఆపేశారు. గ్యాస్ వచ్చింది కాబట్టి కిరోసిన్ అక్కర్లేదన్నారు. పట్నంలో ఆ మాట సరిపోతుంది. బండి రాని ఊళ్ళో ఎలా సరిపోతుంది?

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఇస్తారు. మా దారులు మొదటి హెచ్చరిక దాకా ఆగవు. పాయలకి అడ్డంగా వేసుకున్న మట్టిబాటలు అంతకు చాలా ముందే కొట్టుకుపోతాయి, కాజ్‌వేలు మునుగుతాయి. పి.గన్నవరం మండలంలో బూరుగులంక, అరిగెలవారిపేట, ఉడిమూడిలంక, జి.పెదపూడిలంకల వాళ్ళని అడగండి, అయినవిల్లి వైపు ఎదురుబిడిం కాజ్‌వే మీద నడిచేవాళ్ళని అడగండి. ఆ రోజు నుంచీ గ్యాస్ బండి అవతలి గట్టు మీదే ఆగిపోతుంది. పిల్లలూ బాలింతలూ ఎక్కిన పడవలోనే సిలిండర్ కూడా ఎక్కించుకుని ఏరు దాటాలి. ఇంటికి తెచ్చి ఇవ్వాల్సింది రేవులో దింపేసి పోయినా అడిగే నాథుడు లేడు. ఫోన్ చేస్తే దారి లేదు కదండీ అంటారు. దారి ఉండదని జూన్‌లోనే తెలుసు కదా, ముందే ఎందుకు పంపలేదు?

2022లో వరద జూలై మధ్యలోనే వచ్చింది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, ధవళేశ్వరంలో 25 లక్షల క్యూసెక్కులు మించి కిందికి వదిలారు. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళం కాబట్టి మాకు ఏరంటే భయం ఉంది, జాగ్రత్తా ఉంది. ఆ 2022లో ప్రభుత్వం ముంపు కుటుంబాలకి 25 కిలోల బియ్యం, కందిపప్పు, నూనె, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఇచ్చింది. కాదనను, ఆదుకున్నారు. కానీ బియ్యం, బంగాళాదుంపలు పచ్చివి తింటామా? ఆ జాబితా రాసినవాళ్ళకి పొయ్యి గుర్తు రాలేదు. నడుంలోతు నీళ్ళ మధ్య డాబా మీద మూడు ఇటుకలు పెట్టుకుని, విరిగిన కుర్చీలు, తలుపు చెక్కలు కాల్చుకుని గంజి కాచుకున్న కుటుంబాలు మా ఊళ్ళో ఉన్నాయి. అదే సమయంలో ఆరోగ్య శాఖవాళ్ళు నీళ్ళు కాచి చల్లార్చి తాగమని మైకులో చెబుతారు. మంచి మాటే. నీళ్ళు కాగడానికి ఏం మండించాలో కూడా చెప్పాలి. ముంపు నీళ్ళు తాగి విరేచనాలు పట్టుకున్న పిల్లల్ని పడవలో ఆస్పత్రికి తీసుకుపోయిన తల్లులకి ఆ మైకు మాట ఎలా వినపడుతుందో ఆలోచించండి.

మా అబ్బాయి సైన్యంలో కొన్నాళ్ళు లద్దాఖ్‌లోని లేహ్‌లో పనిచేశాడు. శ్రీనగర్ నుంచి అక్కడికి పోయే రోడ్డు మీద జోజిలా కనుమ ఉంది, 11,500 అడుగుల పైన. చలికాలంలో మంచు పడి అది మూసుకుపోతుంది. అక్కడ వేసవి మహా పొట్టిది, బార్లీ పంట, పర్యాటకులు, ఇళ్ళ మరమ్మతులు అన్నీ ఆ కొద్ది నెలల్లోనే. జనం ఆ హడావుడిలోనే పేడ ఎండబెట్టుకుంటారు, కట్టె పేర్చుకుంటారు. ఇల్లు వెచ్చబెట్టే బుఖారీ పొయ్యి మండకపోతే చలికి మనిషి నిలవడు కదా. కానీ అంతటితో వాళ్ళ మానాన వాళ్ళని వదిలెయ్యరట. రోడ్డు తెరిచి ఉండగానే కిరోసిన్, గ్యాస్ సిలిండర్లు, బియ్యం లారీల మీద లారీలు కనుమ దాటించి నిల్వ చేస్తారు. సైన్యం తన నిల్వ వేరే చేసుకుంటుంది. అక్కడ దారి మూసుకుపోతుందని క్యాలెండర్ చూసి ముందే ఏర్పాటు చేసే ప్రభుత్వాలకి, ఏటా జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదారి మా దారులు మూసేస్తుందని తెలియదా? హిమాలయాల్లో చేతనైన పని డెల్టాలో ఎందుకు చేతకాదు?

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. ఈ గ్యాస్ మా కాళ్ళ కింద నుంచే తీస్తున్నారు. 1995లో పాసర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండితే ఆ సెగ కోనసీమ భరించింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో గ్యాస్ గొట్టం పేలి నిద్రలో ఉన్నవాళ్ళు కాలిపోయారు. ప్రమాదం మా పొలాల్లో పెట్టారు, గ్యాస్ గొట్టాల్లో ఎక్కడెక్కడికో పోతోంది, మేం మాత్రం వరదలో తడిసిన మట్టలు ఊదుకుంటూ కూర్చోవాలి. ఇది న్యాయమని ఎవరైనా మా లంకకి వచ్చి చెప్పగలరా?

మొన్న మే 15న కాటన్ దొర జయంతి అని ఊరూరా విగ్రహాలకి దండలు వేశారు. వెయ్యాల్సిందే, ఆ మహానుభావుడు 1852 నాటికి ఆనకట్ట పూర్తి చెయ్యబట్టే డెల్టా అన్నం తింటోంది. ఆయన ఏటి వెంట తిరిగి, ఏరు ఎలా పారుతుందో కళ్ళారా చూసి తర్వాత పని మొదలుపెట్టాడు. ఇప్పటి అధికారులు లంకలోకి వచ్చేది వరదలోనే, లైఫ్ జాకెట్లు వేసుకుని, వెంట ఫొటోలు తీసేవాళ్ళతో. పాలు పొంగుతున్నప్పుడు వచ్చి పొయ్యి గురించి అడిగితే ఏం లాభం? మే నెలలో ఏరు ఎండి ఇసక తేలినప్పుడు నడిచి రావాలి. పాత రోజుల్లో కరణం, మునసబు మీద ఎన్ని ఫిర్యాదులు ఉన్నా ఏ ఇంట్లో ఏముందో వాళ్ళకి తెలిసేది. ఇప్పుడు సచివాలయం ఉంది, ట్యాబులు ఉన్నాయి, ఏ ఇంట్లో ఎన్ని సిలిండర్లు ఉన్నాయో అడిగితే మాత్రం ఏజెన్సీని అడగమంటారు. ఏజెన్సీవాళ్ళు పౌరసరఫరాల శాఖ అంటారు, వాళ్ళు కలెక్టరేట్ అంటారు.

చెయ్యగలిగినవి ఉన్నాయి. దీపం పథకం కింద 2024 దీపావళి నుంచి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారు. విడతల్లో ఒకటి ఆగస్టు నుంచి నవంబరు దాకా. సరిగ్గా ఆ విడత మొదలయ్యేసరికి మేం నీళ్ళలో ఉంటాం. లంక గ్రామాలకి మాత్రం ఆ సిలిండర్ జూన్‌లోనే తీసుకోనివ్వాలి. అది పెట్టుకోవడానికి రెండో సిలిండర్ కావాలి కాబట్టి ముంపు గ్రామాల్లో ఆ డిపాజిట్ ప్రభుత్వమే కట్టాలి. వరద సాయానికి పెట్టే ఖర్చు ముందు అదెంత? వంద కిలోల లోపు గ్యాస్ నిల్వకి లైసెన్సు అక్కర్లేదని నిబంధనల్లోనే ఉంది. అంటే ఇంట్లో వాడే సిలిండర్లు ఏడు ప్రతి లంకలో ఎత్తయిన చోట, గాలి ఆడే గదిలో, బాలింతలూ ముసలివాళ్ళూ ఉన్న ఇళ్ళ కోసం భద్రంగా ఉంచవచ్చు. పునరావాస కేంద్రాల దగ్గర ఎండు కట్టెలు ఇప్పుడే కొని పెట్టవచ్చు. వరదలో కొంటే తడివి దొరుకుతాయి, ధర కూడా రెట్టింపు చెబుతారు.

వంతెనలు వచ్చేదాకా ఆగమంటే ఆగాం, ఇంకా ఆగుతాం. కానీ ఈ పని వంతెన లాంటిది కాదు, ఒక ఉత్తర్వుతో జూన్ లోపల అయిపోతుంది. వరద గండం ఉన్న మండలాల్లో ఒకే సిలిండర్ ఉన్న ఇళ్ళు ఎన్నో ఈ నెలాఖరులోగా లెక్క తీయించమని కలెక్టర్‌గారిని కోరుతున్నాను. ఆ లెక్క తీశారో లేదో మీ విలేకరి చేత అడిగించి, వాళ్ళు చెప్పిన జవాబు ఇదే పేజీలో వెయ్యండి.

ఇట్లు,
ఒక లంక రైతు,
పి.గన్నవరం మండలం,
డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ కోనసీమ జిల్లా