పెట్టె మీద '1 సెం.మీ. మాక్రో' అని వేసి జూమ్ సంగతి దాచిన మీ కెమెరా గురించి ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగం వారికి,

నమస్కారం. మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి, ఆంధ్ర వైపు పాతపట్నానికి దగ్గర. మా ఊరు కొమ్ము పనికి పేరు. గేదె కొమ్మును వేడి చేసి వంచి, చెక్కి, నున్నగా మెరుగు పెట్టి కొంగలు, చేపలు, దువ్వెనలు చేస్తారు. ఆ బొమ్మల ఫొటోలు తీసి బయటి ఊళ్లలో కొనేవాళ్లకు వాట్సాప్‌లో పంపి ఆర్డర్లు తేవడం నా పని. మీ కాంపాక్ట్ కెమెరా కొన్నది అచ్చంగా దీనికోసమే.

పెట్టె ముందు వైపు పెద్ద అక్షరాలతో '1 సెం.మీ. మాక్రో' అని ఉంది, అంటే వస్తువుకు ఒక్క సెంటీమీటరు దగ్గర నుంచి కూడా ఫొటో తీయొచ్చని, పక్కనే జూమ్ ఎన్ని రెట్లో కూడా అంతే పెద్దగా వేశారు. ఆ రెండూ చూసి కొనేవాడు ఏమనుకుంటాడు? దగ్గరగా పెట్టీ తీయొచ్చు, జూమ్ చేసీ తీయొచ్చు అనే కదా. తీరా చూస్తే ఆ ఒక్క సెంటీమీటరు లెక్క జూమ్ అసలు కదపనప్పుడే చెల్లుతుంది. కొంచెం లాగగానే ఫోకస్ పట్టే దూరం పెరిగిపోతుంది, పూర్తిగా లాగితే అర మీటరు దూరంలో పెట్టిన బొమ్మ కూడా మసకే, స్కేలు పెట్టి మరీ చూశాను. ఈ విషయం మీ మాన్యువల్ చివర్లో, పట్టికలో, చిన్న అక్షరాల్లో ఉంది. పెట్టె తెరిస్తే గానీ మాన్యువల్ చేతికి రాదు, పెట్టె తెరిచాక షాపువాడు వాపసు తీసుకోడు.

జూమ్ లేకుండానే దగ్గర పెట్టి తీసుకోండి అని మీ సర్వీస్ సెంటర్ అబ్బాయి తేలిగ్గా అనేశాడు. అలా తీస్తే ఏమవుతుందో చెబుతాను. జూమ్ లేనప్పుడు అది వైడ్ లెన్స్, అంటే ఎక్కువ మేర చూపించేది, అంత దగ్గర నుంచి తీస్తే ముందున్నది ఉబ్బిపోతుంది, వెనకున్నది కుంచించుకుపోతుంది. కొంగ ముక్కు ఇంత లావున, ఒళ్లు పిసరంత కనబడుతుంది. కటక్‌లో ఒక షాపాయన ఆ ఫొటో చూసి బొమ్మ వంకరగా ఉందని ఆర్డరే ఆపేశాడు. చేసిన చెయ్యి చక్కగానే చేసింది, చెడ్డపేరు మాత్రం ఆ చేతికే వచ్చింది, నాకు అన్నిటికంటే బాధ అక్కడే. పైగా ఒక సెంటీమీటరు దూరంలో లెన్స్ నీడ బొమ్మ మీదే పడుతుంది. ఫ్లాష్ వేస్తే లెన్స్ గొట్టం అడ్డొచ్చి కింది సగం చీకటి. మెరుగు పెట్టిన నల్ల కొమ్ము అద్దంలా మెరుస్తుంది కాబట్టి కొంగ పొట్ట మీద మీ లెన్స్ గుండ్రంగా, దాని చుట్టూ రాసిన అక్షరాలతో సహా కనబడుతుంది.

ఫోకస్ సంగతి వేరే బాధ. ఈ కెమెరా అంచులు, గీతలు చూసి ఫోకస్ పట్టే రకం, నున్నటి నల్లటి కొమ్ము మీద దానికి పట్టు దొరకదు, వెనక పరిచిన గుడ్డ నేత మీదకు పోతుంది. బొమ్మ పక్కనే అదే దూరంలో వార్తాపత్రిక ముక్క నిలబెట్టి, అక్షరాల మీద బటన్ సగం నొక్కి ఫోకస్ పట్టించి, వేలు తీయకుండా ముక్క లాగేసి తీస్తున్నాను. స్టాండ్ వాడుతున్నాను, 2 సెకన్ల టైమర్ పెడుతున్నాను, ట్యూబ్‌లైట్‌కి ట్రేసింగ్ పేపర్ అడ్డం కడుతున్నాను. కొన్నవాడు చేయగలిగింది అంతా చేస్తున్నాను. చేత్తో ఫోకస్ సరిచేసుకునే వీలు మెనూలో ఒక్కటి ఇచ్చి ఉంటే ఈ తిప్పల్లో సగం ఉండేవి కావు.

కెమెరా మొత్తం పనికిరాదని అనడం లేదు. లోపల వెలుగును పట్టి ఫొటోగా మార్చే సెన్సార్ చిన్నది, 1/2.3 అంగుళాల రకం, కాబట్టి బొమ్మ ముందు నుంచి వెనక దాకా చాలావరకు స్పష్టంగా వస్తుంది, పగటి వెలుగులో రంగులూ బాగుంటాయి. చిన్న వస్తువులు తీసేవాళ్లకి కాంపాక్ట్ కెమెరా మంచిదే. అందుకే మీరు దాచిన ఆ ఒక్క అంకె మీద ఇంత కోపం వస్తోంది.

ఇక సర్వీస్. కొన్నది విశాఖలో, ఉండేది ఒడిశాలో. బరంపురం సెంటర్ వాళ్లు ఆంధ్రలో కొన్నది అక్కడే చూపించుకోమన్నారు, విశాఖ వాళ్లు మీ రాష్ట్రంలో చూపించుకోమన్నారు. వారంటీ కార్డు మీద దేశమంతటా చెల్లుతుందని ఉంది. చివరికి వచ్చిన జవాబు 'పరికరంలో లోపం లేదు' అని. లోపం ఉందని నేనెప్పుడూ అనలేదు, పెట్టె మీద సగమే చెప్పారన్నాను.

నాకు కావలసింది ఇది. కెమెరా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వండి, లేదా జూమ్ చేసినా దగ్గర వస్తువు మీద ఫోకస్ పట్టే మోడల్ ఇచ్చి తేడా ఎంతో చెప్పండి, కడతాను. మాక్రో దూరం వేసిన ప్రతి పెట్టె మీదా, పూర్తి జూమ్‌లో ఎంత దూరం కావాలో కూడా అంతే సైజు అక్షరాల్లో వేయండి. బరంపురం, విశాఖ సెంటర్లు రెండిటికీ వారంటీ విషయం రాతపూర్వకంగా చెప్పండి.

ముఖ్యమైన సమాచారం కావాలని దాచినా అది తప్పుదోవ పట్టించే ప్రకటనే అని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది, కొన్నవాడు తానుండే చోటే కేసు వేసుకోవచ్చని కూడా అందులోనే ఉంది, కాబట్టి నేను విశాఖ దాకా తిరగక్కర్లేదు. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, తర్వాత మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. బిల్లు, పెట్టె ఫొటో, ఒకే కొంగను జూమ్ లేకుండా, జూమ్‌తో తీసిన రెండు ఫొటోలు జతచేశాను.

ఇట్లు,
మీ కెమెరా కొన్న పర్లాకిమిడి వినియోగదారుడు