అందరి బాధ్యత సరే, ఎవరి పని ఏది?

సంపాదకులకు నమస్కారం.

'భద్రత అందరి బాధ్యత' అన్న బోర్డు విశ్వవిద్యాలయాల ల్యాబుల్లో తరచూ కనిపిస్తుంది. ఆ మాటతో మాకు పేచీ లేదు. కానీ బోర్డు కింద ఏ పని ఎవరిదో రాసి ఉండదు. ఇబ్బందంతా అక్కడే.

ఐవాష్, అంటే కళ్లు కడుక్కునే నీటి కుళాయి, సంగతే తీసుకోండి. కంట్లో యాసిడ్ పడితే 10 సెకన్లలో దాని దగ్గరికి చేరగలగాలి. రెప్పలు వేళ్లతో విప్పి పట్టుకుని కనీసం 15 నిమిషాలు కడగాలి. ఇది పోస్టర్ మీద ఉంటుంది, చాలామందికి తెలుసు కూడా. వారానికోసారి దాన్ని తిప్పి నీళ్లు వదలాల్సింది ఎవరన్నదే తెలియదు. కదలని నీళ్లలో తుప్పు, మడ్డి చేరతాయి, సూక్ష్మజీవులు పెరుగుతాయి. ప్రమాదం జరిగిన రోజు ముందుగా కంట్లోకి వెళ్లేది ఆ మురికే. ఇక దానికి అడ్డంగా అట్టపెట్టెలు పేర్చడం సరేసరి. పైపు బాగుచేయించడం ఇంజినీరింగ్ విభాగం పని. తిప్పి చూసి, తేదీ వేసి సంతకం పెట్టడం ఆ ల్యాబు వాళ్ల పని. అందుకు ఒకరి పేరు, ఆ మనిషి సెలవు పెడితే చూసే రెండోవారి పేరు అక్కడే అతికించాలి.

2010 జనవరిలో అమెరికాలోని టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయంలో నికెల్ హైడ్రజీన్ పర్‌క్లోరేట్ పేలి ఒక పరిశోధక విద్యార్థి మూడు వేళ్లు పోగొట్టుకున్నాడు. ఆ పదార్థాన్ని 100 మిల్లీగ్రాములకు మించి చేయకూడదని అక్కడ చెప్పుకున్నారు. తయారైంది దాదాపు 10 గ్రాములు, అంటే వంద రెట్లు. కుర్రాడి దూకుడు అనేసి ఊరుకోవచ్చు. కానీ ఆ పరిమితి నోటిమాటే తప్ప కాగితం మీద లేదు. అందరికీ చేరిందో లేదో చూసుకునే ఏర్పాటూ లేదని అమెరికా ప్రభుత్వ కెమికల్ సేఫ్టీ బోర్డు విచారణలో తేలింది. మామూలు ప్రయోగాల్లోనూ పరిమాణం పెంచితే పుట్టే వేడి పెరిగినంతగా, అది బయటికి పోయే ఉపరితలం పెరగదు. కాబట్టి పరిమాణం పెంచాలంటే గైడు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆ సంతకం లేని పని విద్యార్థి మొదలుపెట్టకూడదు.

వ్యర్థాల సీసాల దగ్గర ఇంకో తమాషా ఉంది. నైట్రిక్ యాసిడ్ మిగిలిన సీసాలో ఎసిటోనో ఆల్కహాలో పోస్తే అప్పటికప్పుడు ఏమీ కనిపించకపోవచ్చు. తర్వాత, ఒక్కోసారి గంటల తర్వాత, లోపల వాయువు పుట్టి, బిగించిన మూత కింద సీసా పగులుతుంది. పోసినవాళ్లు అప్పటికి హాస్టల్లో ఉంటారు. గాజుపెంకులు తగిలేది ఊడ్చడానికి వచ్చినవాళ్లకి. సీసా ఖాళీగా ఉన్నప్పుడే లేబుల్ అతికించి, పోసినప్పుడల్లా ఏం పోశారో రాయాలి. పైన అయిదో వంతు ఖాళీ వదలాలి. నైట్రిక్ వ్యర్థానికి విడి సీసా, గాలి వదిలే మూత ఉండాలి.

శిక్షణ తరగతులకు మాత్రం ఊడ్చేవాళ్లను పిలవరు. ఏసీ మెకానిక్‌నీ పిలవరు. ప్రయోగాల్లో పుట్టే హానికర ఆవిరిని బయటికి లాగే అరలైన ఫ్యూమ్ హుడ్ల గొట్టాలు తెరుచుకునేది ఆ మెకానిక్ పనిచేసే డాబా మీదికే. పైన మనిషి పనిచేస్తున్నాడని కింద వాళ్లకి తెలియదు, కింద ఏం మరుగుతోందో పైవాడికి తెలియదు. ఒక్క పర్మిట్ కాగితంతో తీరే సమస్య ఇది: ల్యాబు ఇన్‌ఛార్జి హుడ్ వాడకం ఆపించి సంతకం పెట్టాకే మెట్ల తాళం ఇవ్వాలి.

పేరు రాసినంత మాత్రాన సరిపోదు, ఆ పేరుకు అధికారం కూడా ఉండాలి. హుడ్ అలారం మోగితే దానికి టేపు వేసి పని సాగించే ల్యాబులున్నాయి. గాలి లాగడం తగ్గిందని గమనించేది ముందు విద్యార్థే, కానీ ప్రయోగం ఆపే అధికారం అతనికి లేదు. మోటారు మార్పించే డబ్బు విభాగాధిపతి చేతిలోనూ ఉండదు, ఫైలు రిజిస్ట్రార్ దాకా పోవాలి. ఏ స్థాయిలో ఎన్ని రోజులు ఆగవచ్చో ముందే రాసిపెట్టాలి, అప్పటిదాకా హుడ్‌కు తాళం వేయాలి. థీసిస్ మీద సంతకం పెట్టేది ఆ గైడే కాబట్టి, విద్యార్థి ఫిర్యాదు ఆయన చేతిమీదుగా కాక నేరుగా భద్రతా విభాగానికి చేరే దారి కూడా ఉండాలి.

ఇట్లు,
విశ్వవిద్యాలయ ప్రయోగశాలల భద్రత పనులు చూసే సిబ్బంది